బొమ్మ మీద చెయ్యి

తమ్ముడికి అక్క దీవెనలు.

మొన్న పొద్దున రోజూలాగే నల్లబల్ల తుడిచి, ఒకటో తరగతి పిల్లల చేత పాఠం చదివిస్తున్నాను. నీ కూతురు గడగడా చదువుతుంటే ఎందుకో పుస్తకంలో బొమ్మ మీద చెయ్యి పెట్టాను. టక్కున ఆగింది.

"చెయ్యి అడ్డం పెడితే ఎలా చదవను అత్తా? తియ్యి!"

కింద అక్షరాలు చూపిస్తే ఒక్కటీ గుర్తుపట్టలేదు. అందరికీ అలాగే బొమ్మ మూసి చూశాను. ముప్ఫైమందిలో చదివింది ఇద్దరే. ఇరవయ్యారేళ్ళుగా నేను చెప్పింది ఇదేనా? పిల్ల చదువుతోందని నీకు రాసింది నేనే, క్షమించు.

అమ్మకు మోకాళ్ళ నూనె అయిపోయింది, పంపు. పిల్లకు నువ్వు రాసే కార్డులు మానకు, పెద్ద అక్షరాలతో రాయి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ కార్డులు ఇక దానికి మేమెవరమూ చదివి వినిపించకూడదని, తనంతట తానే చదివేదాకా దాచాలని ఆ సాయంత్రం ఇంట్లో అనుకున్నాం. అమ్మ ఒప్పుకుంది గాని ముద్ద ముట్టలేదు.