పదికి పది

ఆదివారం, ఆలూరు.

ఈరోజు నా ఆనందం ఇంతా అంతా కాదు! రేపు నర్సింగు పరీక్ష రాయబోయే మా సుజాతకు నేనే ప్రశ్నలడిగాను. ఐదో తరగతి చదివిన నాకోసం ఆ ప్రశ్నలన్నీ తెలుగులో రాసిచ్చింది, నా బంగారు తల్లి.

"బిడ్డ ఎప్పుడు నడుస్తుంది?"

"ఏడాదికి అటూ ఇటూ, నాయనా."

"భేదులైతే?"

"నీళ్లు ఆపకూడదు. ఉప్పు, చక్కెర కలిపి తాపుతానే ఉండాల. ఏం నాయనా, మార్కులెయ్యి!"

పదికి పది వేశాను.

సుజాత పుట్టకముందు మాట. దాని అక్క లక్ష్మి అప్పుడే అడుగులేస్తోంది. భేదులు పట్టుకున్నాయి. నీళ్లు తాగితే ఎక్కువవుతాయని పెద్దలంటే, చెంబు ఎత్తి గూట్లో పెట్టింది నేనే. గూటివైపే చేతులు చాచింది. రెండో రోజుకే పోయింది.

సుజాత ముందు పుట్టి, లక్ష్మి తర్వాత పుట్టి ఉంటే...