రెండు నల్లటి ట్యూబులు

తిరువాలంగాడు,
18-8-2024, ఆదివారం.

చి. తనుశ్రీకి,

మీ నాయన సుదర్శనం ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మీ అమ్మ, నేను, మొన్న ఈనిన ఆవు, దాని దూడ అందరం కులాసా. అక్కడ నువ్వు, కాంచన అత్త కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. ఆడికృత్తిక పండుగ రద్దీలో అత్తను తిరుత్తణి కొండ మెట్లన్నీ ఎక్కించావట. మోకాళ్ళు పట్టుకుని నిన్ను తిట్టిన తిట్లన్నీ అత్త ఫోన్లో మళ్ళీ వినిపించింది. మీ అమ్మ నవ్వింది. నువ్వు వెళ్ళిన ఆరు వారాల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

నేను ఫోన్ చేస్తే “బాగుండా నాయనా, అమ్మకియ్యి” అంటావు. నేను అమ్మకు ఇచ్చేస్తాను. అందుకే ఈ కాగితం తీసుకున్నాను.

ముందుగా నటరాజ్ సంగతి. అతను పనిలోకి వచ్చేశాడు. మెడ మీద, ముంజేతి మీద చర్మం కొత్తగా వచ్చింది, మచ్చ మాత్రం ఉంది. కళ్ళకు ఏమీ కాలేదు. “పాప ఎట్లుంది అన్నా?” అని రోజూ నిన్నే అడుగుతున్నాడు. నీ మీద అతనికి కోపం లేదని ముందే రాస్తున్నాను, తక్కినదానికి నువ్వు కంగారు పడకూడదని.

నువ్వు మా ఇంకు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన ఎనిమిది నెలలూ ఇద్దరం ఒకే రైల్లో తిరువళ్ళూరు వెళ్ళేవాళ్ళం. గేటు దాటగానే నువ్వు మేడమ్, నేను పంపు ఆపరేటర్. నలుగురిలో నిన్ను మేడమ్ అని పిలిచినప్పుడల్లా నువ్వు సిగ్గుతో తల తిప్పుకునేదానివి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను అంత సంతోషంగా పలికిన మాట మరొకటి లేదమ్మా.

ఇంకులో కలిపే టోలుయిన్ ద్రావకాన్ని ఎక్కించే పంపులో, రోలర్ల కింద నలిగే ట్యూబు నెలకోసారి పాడవుతోందని, సరైనది ఎంచే పని మురళీధరన్ సార్ నీకు అప్పగించారు. నువ్వు అయిదు రకాల ట్యూబులు వేలెడంత ముక్కలు కోసి, తూచి, కొలిచి, సీసాల్లో టోలుయిన్ పోసి నానబెట్టావు. ల్యాబు గుమ్మంలో నిలబడి “ఊరగాయ పెడతా ఉండావా?” అని వెక్కిరించాను. “కాదు నాయనా, దీన్ని తాగి ఏది ఉబ్బుతుందో చూస్తా ఉండా” అన్నావు.

ఏడో రోజు నన్ను పిలిచి చూపించావు. సిలికాన్ ముక్క ఉబ్బిపోయింది. కంటికి అద్దంలా కనబడే ట్యూబు గట్టిపడి పుల్లలా విరిగింది. ఇంకో ద్రావకం, అసిటోన్ వెళ్ళే లైనులో మేము వాడే నల్ల రబ్బరు ముక్క చిటికెన వేలంతది బొటనవేలంత అయింది. నువ్వు తెప్పించిన ఫ్లోరో రబ్బరు ముక్క, అదీ నల్లటిదే, వేసినది వేసినట్టే ఉంది. “అసిటోన్‌కు ఆగేది దీనికి ఆగదు నాయనా, దీనికి ఆగేది అసిటోన్‌కు ఆగదు. రెండిటికీ ఆగేది ఒకటుంది గానీ అది బిరుసు. మన పంపు రోలర్లు దాన్ని నొక్కలేవు” అని చెప్పావు. నేను తల ఊపాను.

నువ్వు ఎంచిన ట్యూబు మూడు నెలలు చక్కగా నడిచింది. ఆ తర్వాత ఆ శుక్రవారం వచ్చింది. నటరాజ్ పంపు పక్కన వంగి ఉండగా ట్యూబు పగిలి టోలుయిన్ అతని మీదికి చిమ్మింది. నిప్పు రవ్వ ఏదీ లేదు కాబట్టి బతికిపోయాం. అతను నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

సోమవారం మీటింగులో మురళీధరన్ సార్ పగిలిన ముక్కను మేజా మీద పెట్టి, ఎంచింది ఎవరని అడిగారు. నువ్వు లేచి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పావు. నా వైపు చూశావు. “తప్పు నాదే సార్” అన్నావు. పుస్తకాలు చదివితే చాలదని, కొనేముందు ఇంత అనుభవం ఉన్న మీ నాన్నను ఒక్కమాట అడిగి ఉండాల్సిందని ఆయన అందరి ముందూ అన్నారు. మర్నాడే నువ్వు రాజీనామా ఇచ్చి అత్త ఇంటికి వెళ్ళిపోయావు.

తనూ, ఆ పగిలిన ట్యూబు నువ్వు ఎంచింది కాదు.

నాకు మనసు ఒప్పక, ల్యాబులో పనిచేసే నీ స్నేహితురాలు యశస్వినిని అడిగాను. సార్ బీరువాలో ఉన్న ముక్క నుంచి కాస్త, స్టోర్సులో నువ్వు తెప్పించిన ట్యూబు చుట్ట నుంచి కాస్త కోసి, నువ్వు చేసినట్టే తూచి సీసాల్లో వేసింది. ఏడు రోజులు రోజూ టీ వేళకు వెళ్ళి చూశాను. నీ ముక్కలో మార్పు లేదు. పగిలినది మూడో నాటికే లావెక్కింది. అది అసిటోన్ లైనుకు తెచ్చిన చుట్టలోది. ఎవరో తొందరలో నీ ట్యూబు తీసి దాన్ని వేశారు. కొన్ని రోజులు ఉబ్బుతూ, రోలర్ల కింద నలుగుతూ, చివరికి చీలింది.

నిన్న సార్ ప్రమాదాల రిజిస్టరులో తప్పు నీదని రాసిన వరుస కొట్టేసి, కారణం రాసి, సంతకం చేశారు. నిన్ను మళ్ళీ రమ్మంటూ రాసిన కాగితం దీనితోపాటు పెడుతున్నాను. నీకు ఇష్టమైతేనే రా. వేరే చోట చేరాలనిపిస్తే అక్కడే చేరు. ఎక్కడైనా సరే, నీ చేతి మీద నీకు నమ్మకం పోకూడదు. నువ్వు ఎంచింది సరైనది. అది చెప్పాలనే ఇంత రాశాను.

వేళకు తిను. అత్తను నేను అడిగానని చెప్పు.

నీ క్షేమం కోరే
నాయన
సుదర్శనం

తా.క. ఇంతవరకు అత్త చదివి వినిపించి ఉంటుంది. నీకు తమిళం చదివినంత సులువుగా తెలుగు రాదు కదా. ఇక ఉత్తరం నీ చేతికి ఇమ్మని అడుగు. కింద అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాశాను. కూడబలుక్కునైనా నువ్వే చదువుకో.

ఆ పగిలిన ట్యూబు వేసింది నేనే.

నీ ట్యూబు అరిగింది, మార్చాలి. స్టోర్సుకు తాళం వేసి ఉంది. సగంలో ఉన్న పని ఆపడం ఇష్టం లేక, నా అల్మారాలో ఉన్న అసిటోన్ ట్యూబు ముక్క వేశాను. తొమ్మిదేళ్ళు అసిటోన్‌కే చెక్కుచెదరలేదు, దీనికొక లెక్కా అనుకున్నాను. నువ్వు చెప్పింది మరిచిపోయి కాదమ్మా. విన్నాను, సీసాలో కళ్ళారా చూశాను, అయినా నమ్మలేదు. కూతురి చదువు కన్నా నా చేతి అలవాటే గొప్పదనుకున్నాను. మర్నాడు మారుద్దామనుకుని, రేపు రేపంటూ మరిచాను.

మీటింగులో వెనక వరుసలో నిలబడి, సార్ నన్ను పొగుడుతుంటే విన్నాను. ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉందని నోరు మూసుకున్నాను. నువ్వెలాగూ చిన్నదానివి, ఇంకో ఉద్యోగం దొరుకుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

యశస్విని సీసాల్లో వేయకముందు రెండు ముక్కలూ నా అరచేతుల్లో పెట్టింది. నీది బరువు, పగిలినది తేలిక. “చూసినారా పెద్దయ్యా? కండ్లు మూసుకున్నా తెలిసిపోతుంది. తనుకు తెలీకుండా యాడ పోతుంది?” అంది. ఏమీ ఎరగక అన్న మాట అది. ఆ సోమవారం నువ్వు ముక్కను చేతిలోకి తీసుకోగానే నీకు తెలిసిపోయింది. అది ఎవరి అల్మారాలో ఉంటుందో కూడా నీకు తెలుసు. తెలిసే నా వైపు చూశావు. తెలిసే తప్పు నీదన్నావు.

నిన్న షిఫ్టులోని వాళ్ళంతా నిలబడి ఉండగా, మీటింగు జరిగిన చోటే అంతా చెప్పాను. విచారణ అయ్యేదాకా పనికి రావద్దన్నారు. నటరాజ్ తన టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళాడు. ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడడం లేదు.

క్షమించమని రాయడానికి కలం రావడం లేదు. వచ్చే ఆదివారం పొద్దున బండికి తిరుత్తణిలో దిగి, స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుంటాను. అత్త ఇంటికి రాను. నీకు రావాలనిపిస్తే రా. రాకపోతే సాయంత్రం బండికి వెళ్ళిపోతాను. ఆ పై ఆదివారం మళ్ళీ వస్తాను.