ఇల్లు విడవడానికి అనుమతి

నాన్నా,

షాపులో గడ్డం గీయించుకునేవాళ్ళు ఎవరూ లేనప్పుడు తీరిగ్గా కూర్చుని చదువు. ఇది పొడుగు ఉత్తరం. "మాటల పుట్ట మళ్ళీ పగిలింది" అని పక్క షాపు కుట్టుపనావిడతో అంటావని తెలుసు.

ఈ టర్ములో మా మేడం ఒక పని ఇచ్చారు. వార్తల్లో బౌద్ధం ఎలా కనిపిస్తోందో గమనించి వ్యాసం రాయాలి. రోజూ పొద్దున్నే లైబ్రరీలో పేపర్లు ముందేసుకుని కూర్చుంటున్నాను. ఒక పేజీలో శాంతి కోరుతూ ఊళ్ళు దాటి నడుస్తున్న భిక్షువులు. వాళ్ళ పాదాలకున్న కట్లు ఫొటోలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇంకో పేజీలో అదే రంగు బట్ట కట్టుకుని, పొరుగు మతం వాళ్ళ మీదికి జనాన్ని ఎగదోస్తున్న భిక్షువు. ఒకచోట పాత బుద్ధ విగ్రహం వేలానికి వచ్చింది. మరోచోట ఒక కంపెనీ తన ఉద్యోగులకు ధ్యానం నేర్పిస్తోంది, ఇంకాసేపు అలసిపోకుండా పనిచేస్తారని. మొదట్లో ఉత్సాహంగా కత్తిరించి అతికించేదాన్ని. ఇప్పుడు కత్తెర పట్టుకుంటేనే చెయ్యి బరువెక్కుతోంది. ఒక్క మనిషి పేరు మీద ఇన్ని పనులా అని మొదట విసుగొచ్చింది. ఆ తర్వాత విసుక్కునే ఓపిక కూడా పోయింది.

అయితే ఈ చదువులోనే నాకో మాట దొరికింది. ప్రవ్రజ్య. సన్యాసం కోసం ఇల్లు విడిచి వెళ్ళడమని అర్థం. దాన్ని రోజంతా నోట్లో చప్పరిస్తూ తిరిగాను.

వ్యాసం కోసమని ఊరి చివరనున్న భిక్షుణుల ఆరామానికి వెళ్ళాను. అమ్మ పోయినప్పటి నుంచి కనిపించిన ప్రతివాళ్ళూ "ఇప్పుడెలా ఉన్నావమ్మా?" అని అడుగుతున్నారు. అక్కడ ఎవరూ అడగలేదు. "ఆ మూల ఇంకా ఊడవలేదు" అని చీపురు చేతికిచ్చారు. ఊడ్చాను. ఊడ్చి, వరండాలో గోడకు ఆనుకుని, చాలా నెలల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఆ తర్వాత వారం వారం వెళ్తూనే ఉన్నాను.

నాన్నా, నేను అక్కడే చేరిపోవాలనుకుంటున్నాను. నాలుగుసార్లు రాసి చింపేశాక ఈ వాక్యం ఇలా మిగిలింది.

తల్లిదండ్రుల అనుమతి లేకుండా చేర్చుకోరట. కొడుకు, ఆ వెనకే మనవడు కూడా భిక్షువులైపోతే బుద్ధుడి తండ్రి తట్టుకోలేకపోయాడని, "ఈ నొప్పి ఎముక దాకా దిగింది, ఇంకే తల్లిదండ్రులకీ ఇలా చెయ్యకు" అని కొడుకునే అడిగాడని పెద్ద భిక్షుణి చెప్పారు. అప్పుడు పెట్టిన నియమమట అది. అమ్మ లేదు కాబట్టి నీ మాట చాలు. నీ చేత్తో రాసి పంపు. జుట్టు తీసేస్తారు, దానికి మాత్రం బాధపడకు. రోజూ నీ కాళ్ళ కింద పడేదే కదా.

నీ కూతురు

—

మాటల పుట్టా,

నీలాగా రాయడం నాకు రాదు. "ఏంటన్నా, అమ్మాయి ఏం రాసింది?" అని కుట్టుపనావిడ ఒకటే గోల. పరీక్షల గురించి అన్నా.

అనుమతి ఇస్తున్నా. కింద సంతకం పెట్టా. నీకు ఎక్కడ నిద్ర పడితే అక్కడే ఉండు. జుట్టు మాత్రం ఇంకెవరి చేతా తీయించుకోకు, నేనొస్తా. మందులకి మీ అమ్మ జుట్టు ఊడిపోతుంటే నేనే తీశా. "పనిలో పని గడ్డం కూడా గీసెయ్, డబ్బులు ఎలాగూ ఇవ్వను" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నువ్వు సెలవులకి రాకుండా హాస్టల్లోనే ఉండిపోతుంటే ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే తిరిగి నా సంగతి అడుగుతావని భయం. అమ్మ పోయాక నేను ఆ ఇంట్లో పడుకోవడం లేదమ్మా. షాపులో కుర్చీ వెనక్కి వాల్చుకుని పడుకుంటున్నా. స్నానం షాపు వెనక కుళాయి దగ్గర. ఇంటికి తాళం. నువ్వు ఇల్లు విడవడానికి నన్ను అడిగావు. నేను ఎవర్నీ అడగలేదు.

మీ నాన్న

—

నాన్నా,

నీ ఉత్తరం పెద్ద భిక్షుణికి ఇచ్చాను. అనుమతి ఉన్న వాక్యం దగ్గర ఆగిపోతారనుకున్నాను. చివరిదాకా చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టారు.

"చెల్లదాండీ?" అన్నాను.

"ఎందుకు చెల్లదు? మా తలుపు ఎక్కడికీ పోదు. ముందెళ్ళి మీ నాన్నని ఆ కుర్చీలోంచి లేపు."

నాకు కోపం వచ్చింది. ఆరామం నుంచి హాస్టల్ దాకా ఆ కోపంతోనే నడిచాను. గదికి చేరేసరికి అది కోపం కాదని తెలిసింది. నేను వార్తల వల్ల అలసిపోలేదు నాన్నా. వంటింట్లోంచి అమ్మ దగ్గు వినిపించని ఇంటికి రాలేక, రాకుండా ఉండటానికి ఒక గొప్ప మాట వెతుక్కున్నాను. ఆ మాట మంచిదే. నేను దాన్ని వాడుకున్న తీరే బాగాలేదు.

వ్యాసం ఇచ్చేశాను. ఎక్కువభాగం బుద్ధుడి ముసలి తండ్రి గురించే రాశాను. "ఇందులో వార్త ఎక్కడుంది?" అన్నారు మేడం. మార్కులు తగ్గించుకుని వచ్చాను.

శనివారం బస్సుకు వస్తున్నాను. నేనొచ్చేదాకా తాళం తియ్యకు. ఇద్దరం కలిసే తీద్దాం. బూజు దులపాలి, కిటికీలు తెరవాలి. అమ్మ చీరలేం చెయ్యాలో నాకు తెలీదు, నీకూ తెలిసి ఉండదు. ఆ రాత్రి మనకు నిద్ర పట్టదు. పట్టకపోతే లైట్లన్నీ వేసుకుని కూర్చుందాం. ఆరామం సంగతి, జుట్టు సంగతి ఆ తర్వాత, ఆ ఇంట్లోనే కూర్చుని మళ్ళీ అడుగుతాను. అప్పుడు కూడా సరేనంటావో లేదో చూస్తాను.

నీ మాటల పుట్ట