నిజాంపేటలో పంచిన లడ్డూలు

నిజాంపేట,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు నీ చెల్లెలు సత్యవతి నమస్కారాలు. ఇక్కడ ఆయనా నేనూ వేళకు తింటున్నాం, ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాలు ఎలా ఉంది? బావగారు బీపీ మాత్ర వేసుకుంటున్నారా, తగ్గిపోయిందని మళ్లీ మానేశారా? పిల్లలందరూ కులాసా అని తలుస్తాను. ఫోన్‌లో చెబితే సగం నీకు వినపడదు, మిగతా సగం కోడలు నీకు చెప్పదు. అందుకే రాస్తున్నాను.

కర్రీ పాయింట్ బాగానే నడుస్తోంది. సాయంత్రం అయితే హాస్టల్ పిల్లలు, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు కూరల కవర్లు పట్టుకుపోతారు. మన గోంగూర పులుపు ఇక్కడివాళ్లకూ అలవాటైంది. ఆయన క్యాబ్ నానక్‌రామ్‌గూడ ఆఫీసులకే తిరుగుతోంది. నాలుగు వానలు పడి ఎండ తగ్గింది. మధ్యాహ్నం కొట్టు మూశాక మాట్లాడటానికి మనిషి ఉండదు, అదొక్కటే. మిగతా ఏ లోటూ లేదు, బెంగపడకు.

మా పక్కన లక్ష్మి అని ఇస్త్రీ కొట్టు పెట్టుకున్న మనిషి ఉంది, సిద్దిపేట వైపు వాళ్లు. ఆమె కూతురు హారికకు పదిహేనేళ్లు. జ్వరం ఎంతకీ తగ్గకపోతే పరీక్షలు చేసి రక్త క్యాన్సర్ అన్నారు. మా వీధి మంచిదే అక్కా. హాస్టల్ పిల్లలు వంతులేసుకుని రక్తం ఇచ్చొచ్చారు. మందులు ఎక్కించే రోజున ఆయన డ్యూటీ మార్చుకుని తల్లీకూతుళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. నేను కారం లేకుండా వండి రెండు పూటలా పంపేదాన్ని. ఎదురింటి మాస్టారి భార్య వాళ్లింటికే వెళ్లి లెక్కలు చెప్పేది. ఎవరూ ఎవరినీ అడగలేదు.

రెండో విడత మందులకు పిల్ల జుట్టు ఊడిపోయింది. ఉన్న కాస్తా లక్ష్మి గీయించేసింది. అప్పటి నుంచి వీధిలో ఎవరు చూసినా "అయ్యో పాపం" అనడం, కళ్లు తుడుచుకోవడం. నేనూ అన్నాను, దాచడం ఎందుకు. ఆ పిల్ల గది దాటడం మానేసింది. మూడో విడతకు వెళ్లనంది. మధ్యలో ఆపితే ఇక చేసేదేమీ ఉండదని డాక్టరు చెప్పాడు. తల్లి ఏడిచింది, తండ్రి తిట్టాడు. "నేను పోను. అందరు సచ్చినోళ్లను చూసినట్టే చూస్తున్నరు నన్ను" అంది. నాకు ఓదార్చడం చేతకాదు, నీకు తెలుసు. గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ వారమే వాళ్ల పై వాటాలోకి సరోజ అని ఒకావిడ కిరాయికి దిగింది, కరీంనగర్ మనిషి. ఆవిడకు ఏ సంగతీ తెలియదు. మంచినీళ్ల కోసం తలుపు తట్టి, పిల్ల గుండు చూసి, "తిరుపతి పోయొచ్చినవా బిడ్డా? దర్శనం మంచిగైందా?" అని అడిగింది. హారిక ఒకసారి తల్లి వైపు చూసి, "మంచిగైంది ఆంటీ" అందట. ఆవిడ మెట్లెక్కాక పిల్ల పడీ పడీ నవ్విందని లక్ష్మి పరుగున వచ్చి నాకు చెప్పింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి నెల దాటింది.

మర్నాడు హారిక తలకు ఏమీ కట్టుకోకుండా బయటికి వచ్చింది. ఇక వీధంతా అదే మాట. కూరగాయల బండి అతను "క్యూల ఎంతసేపు నిలబడ్డవ్?" అంటే "పన్నెండు గంటలు" అనేది. హాస్టల్ పిల్లలు "కొండ మీద రూము దొరికిందా?" అని అడిగేవాళ్లు. సరోజకు తప్ప అందరికీ తెలుసు. అందరం కలిసి ఆ ఒక్క మనిషి దగ్గర దాచడం మాకొక పనైపోయింది.

చిక్కు కూడా సరోజతోనే వచ్చింది. "ఒక్క లడ్డూ గూడ పెట్టకపోతిరి" అని లక్ష్మిని నిలదీసింది. లక్ష్మి నా దగ్గరికొచ్చి, "అక్కా, జర లడ్డూలు చేసియ్యవా" అంది. నాకు ఒళ్లు మండింది. "దేవుడి పేరు చెప్పి దొంగ ప్రసాదం నేను చెయ్యను" అన్నాను. లక్ష్మి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ పూట కూరల్లో ఉప్పు ఎక్కువైందని ఇద్దరు కవర్లు తిరిగి తెచ్చారు. చివరికి శనగపిండి కలిపాను. బూంది దూసి, పాకం పట్టి, చిటికెడు పచ్చకర్పూరం వేసి పటం ముందు పెట్టాను. "ఇవి ఎక్కడివని నేను నోరు విప్పి చెప్పను స్వామీ, వాళ్లేమనుకుంటే అది" అని దణ్ణం పెట్టుకున్నాను. సరోజ కళ్లకద్దుకుని తిని, "ఈసారి నెయ్యి తక్కువేసిన్రు" అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

మొన్న శుక్రవారం సాయంత్రం కొట్టు ముందు జనం ఉన్నారు. హారిక మాస్కు పెట్టుకుని ఓ పక్కగా కూర్చుని కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తోంది. సరోజ పప్పు కోసం వచ్చి, ఊరుకోక, "ఇంతకూ ఏం మొక్కుకున్నవ్ బిడ్డా? కోరిక తీరినంకనే గద జుట్టు ఇస్తరు. నీదేం తీరింది?" అని అడిగింది.

హాస్టల్ పిల్లలు ఫోన్లలోకి తలలు దించారు. లక్ష్మి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి లేచి నిలబడింది. నేను ఏదో ఒకటి అని మాట మార్చేద్దామనుకున్నాను.

హారిక చేతిలో ఉన్న కవరుకు బ్యాండు వెయ్యడం పూర్తి చేసింది. "ఇంకా తీరలే ఆంటీ. నాకు క్యాన్సర్. తిరుపతి పోలే, మందులకు ఊడిపోయింది. లడ్డూలు ఈ ఆంటీనే చేసింది" అంది. ఇంకో కవరు అందుకుని, "అందరు తీరినంక ఇస్తరు. నేను ముందే ఇచ్చిన. ఇగ ఆయనే ఇయ్యాలె" అంది. ఏడవలేదు. కూర ధర చెప్పినట్టు చెప్పింది.

సరోజ పాపం అనలేదు. "మల్ల మందులకు ఎప్పుడు పోవాలె?" అంది.

"సోమవారం."

"ఎవరు తోల్కపోతరు?"

హారిక మా ఆయన క్యాబ్ చూపించింది. పిల్ల వెళ్తుందని మాకు అప్పుడే తెలిసింది. లక్ష్మి మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. నేను పప్పు అడిగిన సరోజకు పులుసు పోసిచ్చాను, ఆవిడ కూడా చూసుకోకుండా తీసుకెళ్లింది.

రేపే సోమవారం. ముందు సీట్లో సరోజ కూర్చుంటుందట. తగ్గుతుందో లేదో డాక్టరు ఏమీ చెప్పడం లేదు, ఈ విడత అయ్యాక చూడాలంటున్నాడు. నాకు భయంగానే ఉంది అక్కా.

మీ వీధివాళ్లు వచ్చే నెల తిరుపతికి బస్సు మాట్లాడుకున్నారని, నువ్వూ బావగారూ వెళ్తున్నారని తమ్ముడు చెప్పాడు. అంత క్యూలో నిలబడితే స్వామి ముందు ఉండనిచ్చేది ఒక్క క్షణం. మనవడి ఉద్యోగం, మోకాలి నొప్పి ఇంకోసారి చెప్పుకోవచ్చు. ఈసారికి ఆ పిల్ల అన్న మాటే చెప్పు. తను ముందే ఇచ్చేసిందని చెప్పు.

బావగారికి, పెద్దమ్మకు నా దణ్ణాలు. పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు మా ఇద్దరికీ ఎప్పుడూ ఉన్నాయి, ఈ పూటకు అవి పక్కింటికి పంపండి.

నీ చెల్లెలు
సత్యవతి