మండని గోడ

మార్చి 3, సోమవారం

మంట అంటుకుంటే నువ్వు ఏ తలుపు వైపు పరిగెత్తుతావు? ఆదివారం ప్రసంగం ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. అందరి తలలూ తలుపుల వైపు తిరుగుతాయి, నాకు తెలుసు.

ఒళ్లు మండిపోతోంది. మేడ మీద మా ప్రార్థన హాలుకి, వెనక గోడంతా కొత్త పలకలు వేస్తారట. వాక్యం చెప్పేవాణ్ణి నేను, కబురు అందరికంటే ఆఖర్న నాకు. పలకలు తయారయ్యేది మా మేనకోడలి ల్యాబ్‌లో. బిగించేది వాళ్ల నాన్న, అంటే మా బావ, వడ్రంగి. విత్తనాల నూనెతో ఎపాక్సీ అనే గట్టి జిగురు చేసి, అందులోనే సిలికా పుట్టిస్తారట. సిలికా అంటే ఇసుకలో ఉండేదే. మంటని తట్టుకుంటుందట. నూనె మంటని తట్టుకోవడమేమిటి? ఇసుకని నమ్మి కట్టినవాడి ఇల్లు వానకి కూలిందని బైబిల్లో ఉంది. సైకిళ్లు బాగుచేసుకునేవాణ్ణి, కాలేజీ మెట్లెక్కలేదు, ఆ ఒక్క గ్రంథమే చదివాను. చాలు.

శాంపిల్ ముక్క ఇచ్చి వెళ్లింది పిల్ల. అందరి ముందూ దాన్ని కాల్చి చూపిస్తాను.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం

కాలలేదు.

గ్యాస్ టార్చి పెట్టాను. అంచు అంటుకుంది. కరిగి బొట్టు కూడా కారలేదు, పైన నల్లటి పెచ్చు కట్టింది. టార్చి తీయగానే ఆరిపోయింది. ముందు వరుసలోంచి బావ, “బామ్మర్దీ, నీ ప్రసంగం కన్నా ముందే ఆరిపోయిందయ్యా” అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు.

పరువు పోతుంటే నోరు ఊరుకుంటుందా? బైబిల్లో మండుతున్నా కాలిపోని ఆ పొద గుర్తొచ్చింది. ముక్కని పైకెత్తి, ఈ గోడని అగ్ని ముట్టదని గర్జించాను. ఆమెన్‌లకి పైకప్పు రేకులు అదిరాయి. జనం మళ్లీ నావైపు తిరిగారు.

తలుపు ప్రశ్న అడగడమే మర్చిపోయాను.

మార్చి 10, సోమవారం

మేనకోడలు ఫోన్ చేసి కడిగేసింది. ఆ మెటీరియల్ మంట పాకకుండా కాసేపు ఆపుతుంది, మనుషులు బయటపడడానికి టైమిస్తుంది, అంతేనట. అగ్ని ముట్టదని ఏ టెస్టు చెప్పిందని నన్నే నిలదీసింది. నీ పని మీద నీకే విశ్వాసం లేదా అని ఫోన్ పెట్టేశాను. నేను ఎత్తుకు తిరిగిన పిల్ల నాకు పాఠం చెప్పడమా!

మార్చి 16, ఆదివారం

గోడ పూర్తయింది. నున్నగా, అద్దంలా ఉంది. చాలాసేపు చూశాను. ఏదో తక్కువైంది.

వెనక తలుపు లేదు.

పిల్లల తరగతి పక్కనే, వెనక మెట్ల మీదికి తెరుచుకునే తలుపు. దాని మీద కూడా పలకలు కొట్టేసి, ముందు స్పీకర్ పెట్టెలు పేర్చారు. బావని పట్టుకుని దులిపేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ తాపీగా అన్నాడు: “అగ్ని ముట్టదని నువ్వే కదా చెప్పావు. ఇంక తలుపెందుకు?”

ఎగతాళి కాదు. నమ్మి అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నా ప్రసంగం నమ్మింది ఈ ఒక్కసారే!

హాలు నడిపే కమిటీ దగ్గరికి వెళ్లాను. వచ్చే నెల మీటింగులో చూద్దామన్నారు. తొందరేముంది, మీరే అంత ధైర్యం చెప్పారుగా అన్నారు.

మార్చి 19, బుధవారం

దుష్టుల పళ్లు విరగ్గొట్టమని దేవుణ్ణి వేడుకునే కీర్తన తెరిచాను. నా పళ్లే గుర్తొచ్చాయి.

మార్చి 23, ఆదివారం, సాయంత్రం

పాట మధ్యలో యాంప్లిఫయర్ చిటపటలాడింది. పక్కనున్న కర్టెన్ అంటుకుంది. వైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, నల్లటి పొగ. క్షణంలో ఎదుటి మనిషి కనబడలేదు. పిల్లలకి తరగతి చెప్పేది మా అక్క. పాత అలవాటున పిల్లలందరినీ వెనక్కి లాక్కెళ్లింది. అరచేతులతో గోడని తడుముతోంది.

“తలుపేదిరా తమ్ముడూ?”

ఆ గొంతు చెవుల్లోంచి పోవడం లేదు. బావ కర్టెన్ పీకి కాళ్ల కింద తొక్కేశాడు. పిల్లల్ని ముందు తలుపు దాకా నేల మీద పాకించాం. ఎవరికీ ఏమీ కాలేదు. గోడకి అసలే ఏమీ కాలేదు. మసి తుడిస్తే మెరుస్తోంది.

గోడ నిలిచినందుకు కమిటీ కృతజ్ఞత ప్రార్థన కూడిక పెడుతుందట. గోడ గురించి నేను ప్రసంగించాలట. సిగ్గులేని జన్మలు. అందులో మొదటి జన్మ నాది.

మేనకోడలు వచ్చి కూర్చుంది. ఈసారి తిట్టలేదు. “మామయ్యా, నా గోడ నిలబడింది. కానీ పొగ గోడని అడిగి రాదు కదా. నేను కొనిచ్చిన ఆ కాస్త టైముతో మీరు ఎటు వెళ్తారు?”

నేను అడగడం మర్చిపోయిన ప్రశ్న అదే.

మార్చి 24, సోమవారం, ఉదయం

గడ్డపార నాది, రంపం బావది. కింద కమిటీ కేకలు వేస్తోంది. ఈ పలకలెంత గట్టివో చేతులకి తెలుస్తోంది. ఊపిరి తీసుకోవడానికి కూర్చుని ఇది రాస్తున్నాను.

వెనక మెట్లెక్కి వచ్చి, అవతలి నుంచి అక్క తలుపు కొడుతోంది. తలుపు దగ్గర నిలబడి తట్టే ప్రభువు గురించి ఎన్ని ప్రసంగాలు చేశాను!

ఇది చదువుతున్న నువ్వు ఎవరివైనా సరే, ఈ డైరీ మూసెయ్యి. నీ ఇంట్లో ఏ తలుపుకి బీరువా అడ్డం పెట్టావో నీకు తెలుసు. లే. ఇవాళే జరుపు.