చక్రాల ఇంటికి తూర్పు వాకిలి

ముసఫ్ఫా, అబుధాబి

పెద్దక్క రాజవ్వకు తమ్ముడు గంగారాం శనార్థులు చెప్పి రాస్తున్న సంగతులు.

నేను ఇక్కడ బాగున్నాను. ఉత్తరం అనగానే మొదట రాయాల్సిన మాట అది, రాశాను. ఒంట్లో మటుకు ఏ రోగమూ లేదు. మిషన్ కింద పడ్డ వేలు కూడా మానింది. బావ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? కోడలికి ఎన్నో నెల? నువ్వు బీడీల చాట ముందేసుకుని పొద్దంతా ఒకే తీరుగా కూర్చోకు, నడుము పట్టేస్తుంది. మీరంతా చల్లగా ఉండాలని రోజూ అనుకుంటాను.

ఫోన్ ఉండగా ఈ కాగితాలు ఎందుకని అడుగుతావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. బావ వింటాడు, కోడలు వింటుంది, పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి వింటారు. ఈ సంగతి ముందు నువ్వొక్కదానివే వినాలి. అందుకే లీవు మీద వస్తున్న సాయిలు చేతికి ఇస్తున్నాను. నీ అయిదో తరగతి చదువు ఇవాళ పనికొస్తుంది. కూడబలుక్కుంటూ అయినా నువ్వే చదువు, కోడలితో చదివించకు.

సాయిలుతో పాటు మన వాడకట్టు మల్లయ్య కాకను కూడా పంపుతున్నారు. తోడు ఒక నర్సు వస్తుంది. కాకకు కుడి పక్క పడిపోయింది, నోట మాట పోయింది అన్నది మీ అందరికీ తెలుసు. ఎట్లా జరిగిందో ఎవరికీ తెలియదు. అది రాయడానికే కూర్చున్నాను.

మేముండే ఇంటి గురించి నీకు ఫోన్‌లో సగమే చెప్పాను. మా గ్యారేజీలో కారవాన్లు బాగుచేస్తాం. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇళ్ళు అవి. లోపల చెక్కపని, సీట్ల పని నాది. కరోనాకు ముందు ఎవరో ముసలి తెల్లదంపతులు ఒకదాన్ని రిపేరుకని వదిలి వాళ్ళ దేశం పోయారు. మళ్ళీ రాలేదు. యార్డు మూలకు నెట్టేసిన దాన్ని చూసి మా ముదీర్, అంటే మేనేజరు, "ఎండకు పాడైపోయేకంటే మీరే ఉండండి, యార్డుకు కాపలా కూడా అవుతుంది" అన్నాడు. అప్పటి నుంచి కాకా, నేనూ అందులోనే. క్యాంపులో పదిమంది గదిలో ఉన్నవాళ్ళకు అది బంగళానే అక్కా, అబద్ధం చెప్పలేదు. కాని నా మంచం పొద్దున టేబులై కూర్చుంటుంది, సాయంత్రం మళ్ళీ మంచమవుతుంది. కుళాయి తిప్పితే నీళ్ళు రావు, డ్రమ్ము నుంచి ముంచుకోవాలి. టైర్లలో గాలి పోయి ఇటుకల మీద నిలబడి ఉంది. వీడియో కాల్‌లో నేను నీకు పూలపరదా ఉన్న మూల ఒక్కటే చూపించేవాణ్ణి.

కాకకు చూపు తగ్గి వెల్డింగు మానిపించాక యార్డు కాపలా ఇచ్చారు. పొద్దున లేవగానే వాకిలి తీసి ఇనుప మెట్టు మీద కూర్చునేవాడు. ఎదురుగా గేటు, గేటు అవతల రోడ్డు, రోడ్డు అవతల మలబారు కోయా గారి చాయ్ దుకాణం. కాక చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపిస్తే రెండు చాయ్‌లు వచ్చేవి. ఒకటి తనకు, ఒకటి నాకు. అప్పటి నుంచి ఇక్కడ నేను ఎవరి ముఖం చూసి నిద్రలేచానంటే ఆ ముసలాయన వీపు చూసే.

ఎండాకాలం మొదట్లో నా వేలు తెగింది. ఆ వారంలోనే కాక లీవు ఆగిపోయింది. అప్పుడు నువ్వు ఫోన్‌లో అడిగావు, గుర్తుందా?

"వాకిలి ఎటుందిరా మీ ఇంటికి?"

"గేటు దిక్కు. దక్షిణం అనుకుంటా."

"దక్షిణం వాకిలా? దక్షిణం వాకిలి ఇంట్ల ఎట్లుంటున్నర్రా? వేళ్ళు తెగకుంటె ఏమైతది మరి!"

నేను నవ్వాను. ఈ ఇంటికి చక్రాలున్నాయక్కా, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు అన్నాను. నువ్వు నవ్వలేదు. తిప్పమన్నావు. అయ్యగారిని అడిగి ముహూర్తం కూడా పంపావు, శుక్రవారం పొద్దున తొమ్మిదీ పదికని. అది మీ గడియారం. మాకు ఏడూ నలభై. ఆ లెక్క తప్పకూడదని నేను రెండుసార్లు అడిగి రాసుకున్నాను. నీ నోటి మాట వల్లే చేశానని రాయడం లేదు, ఇది బాగా చూసి చదువు. వేలు తెగినప్పటి నుంచి నాకూ లోపల భయం పట్టుకుంది. ఊళ్ళో రేకుల షెడ్డుకైనా దిక్కు చూసే జాతి మనది. తిప్పడానికి వీలైన ఇల్లు దొరికితే తిప్పకుండా ఊరుకుంటామా?

టైర్లకు గాలి కొట్టించాను. పఠాన్ ఖాన్ భాయ్ ఫోర్క్‌లిఫ్ట్‌తో ఇంటి ముక్కు పైకెత్తాడు. నేను గొలుసు పట్టుకుని లాగాను, నలుగురు వెనక నుంచి "యల్లా, యల్లా" అని నెట్టారు. "ఇది ఇల్లా, గడియారం ముల్లా?" అని ఖాన్ భాయ్ హిందీలో ఎగతాళి చేశాడు. ఏడూ నలభైకి వాకిలి తూర్పుకు వచ్చింది. చిన్న గ్యాసు పొయ్యి మీద పాలు పొంగించాం, అవి కాస్తా నా మంచం మీదికి పొంగాయి. ఇటుక మీద కొబ్బరికాయ కొట్టాం. నీకు ఫోటో పంపాను. నువ్వు దండం గుర్తులు ఎన్నో పెట్టావు.

ఫోటోలో పడనిది ఒకటుంది. తూర్పున పక్క గోదాం గోడ. మెట్టు మీద నుంచి రెండు బారల దూరం కూడా లేదు. గేటు వైపుకు వచ్చిన పక్కన కిటికీ ఉండాల్సింది, దానికి ఏసీ బిగించి మిగతా సందు రేకుతో మూసింది నేనే. కాపలావాడికి గేటు కనిపించని ఇల్లు చేసి పెట్టాను.

కాక రెండో రోజు మెట్టు మీద కూర్చుని అన్నాడు:

"తూర్పంటె పొద్దు కనవడాలె గదరా. గోడ కనవడుతుంది."

"అలవాటయితది కాకా."

"ఏం అలవాటయితదిరా? దిక్కు మంచిదే. నాకు మనుషులు గావాలె."

చాయ్‌కి చెయ్యి చూపాలంటే ఇప్పుడు ఇల్లంతా చుట్టి గేటు దాకా రావాలి. ఆయన మోకాళ్ళు నీకు తెలుసు. కొన్ని రోజులు వచ్చాడు, తర్వాత చాయే మానేశాడు. మళ్ళీ తిప్పుదాం రా అని అడుగుతూనే ఉన్నాడు. శుక్రవారం తిప్పుదాం కాకా అంటూ నేను శుక్రవారాలు దాటేశాను. నువ్వు ముహూర్తం పెట్టించిన వాకిలి అని కొంత, బద్ధకం కొంత. వేలు మానుతోంది, అంతా మంచే జరుగుతోంది అనుకున్నాను.

ఆ రోజు నాకు అల్ ఐన్ పక్కన ఒక తోటలో పని పడింది. పొద్దున నేను బయల్దేరుతుంటే కాక షర్టు గుండీలు పెట్టుకుంటూ, "ఈ శుక్రారమన్న తిప్పుతవా, ఖలాస్, గింతేనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. సరే అన్నాను.

పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినిపిస్తుండగా తిరిగి వచ్చాను. మెట్టుకూ గోడకూ మధ్య పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక కాలికి చెప్పు ఉంది. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. ఎప్పుడు పడ్డాడో తెలియదు, గుండీలు సగమే పెట్టి ఉన్నాయి. నేను పోయిన వెంటనే అయి ఉండాలి. అంత ఎండలో పొద్దంతా అక్కడే ఉన్నాడక్కా. యార్డులో ఆరుగురు పనిచేస్తున్నారు, కారవాన్‌కు అవతల పక్క. ఎవ్వరికీ కనబడలేదు. కోయా గారు తల కొట్టుకుని ఏడ్చారు. "వాకిలి కనబడితే మూసి ఉందో తెరిచి ఉందో చూసేవాణ్ణి. కనబడలేదు, నీతో పోయాడనుకున్నాను" అన్నారు.

ఆసుపత్రిలో డాక్టరు, తొందరగా తెచ్చి ఉంటే కొంత మాట, కొంత నడక మిగిలేవి అన్నాడు.

మరుసటి రోజు ఊరి నుంచి కాక భార్య, మన నర్సవ్వ చిన్నమ్మ, నాకు ఫోన్ చేసింది. ఏడుస్తూనే ఏమందో తెలుసా? "రాజవ్వ చెప్పి దర్వాజ తిప్పిచ్చింది గని, లేకుంటె మనిషే దక్కకపోతుండె కొడుకా. మీ అక్కకు, నీకు పున్నెముంటది." నేను ఊ కొట్టాను. ఆ ఒక్క ఊ నాకు అన్నం సహించనివ్వడం లేదు. తర్వాత నువ్వూ అదే మాట అన్నావు. మా అయ్యగారి మాట నిలబడ్డది అని స్పీకర్‌లో అందరికీ వినబడేలా అన్నావు. అప్పుడూ ఊ అనే ఫోన్ పెట్టేశాను.

వచ్చిన శుక్రవారం ఖాన్ భాయ్‌ని పిలిచి వాకిలిని మళ్ళీ గేటుకు తిప్పేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఈసారి ముహూర్తం అడగలేదు, ఖాన్ భాయ్ ఎగతాళీ చేయలేదు. నువ్వు కోపగించుకున్నా సరే, ఇక నేనున్నన్నాళ్ళూ ఇది దక్షిణం వాకిలి ఇల్లే.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఇది చదివాక రెండు రోజులు ఏడుస్తావేమో, ఏడువు. ఆ తర్వాత చిన్నమ్మ ఇంటికి పోయి ఈ కాగితాలు ఆమెకు చదివి వినిపించు. నీ పరువు పోతుందని నాకు తెలుసు. వాడకట్టులో నాలుగు మాటలు పడతావు. దిక్కు అడిగినదానివి నువ్వు, గోడ చూసి కూడా ఊరుకున్నవాణ్ణి నేను. ఆమె తిడితే నీ వంతు కూడా నా మీదే వేయమను. కాని ఆమె మనకు దండం పెడుతుంటే నేను ఇక్కడ బతకలేను. డిసెంబరులో నాకు లీవు ఉంది. ముందు ఆ ఇంటికి పోయి, తర్వాతే మన ఇంటికి వస్తాను.

ఇంకో మాట. కాక మంచం వాకిలి ఎదురుగా వేయించు. తల ఉత్తరానికి వస్తుందని ఎవరైనా అడ్డం పడితే వినకు. ఆసుపత్రిలో గోడ వైపు పడుకోబెట్టినప్పుడల్లా తల తిప్పడానికి ఎంత కష్టపడేవాడో నేను చూశాను. ఆయనకు బాట కనబడాలి, పోయే వచ్చే మనుషులు కనబడాలి.

మామిడికాయ తొక్కు సాయిలు తిరిగి వచ్చేటప్పుడు సగం సీసా పంపితే చాలు. ఒక్కడినే కదా. బావకు, నర్సవ్వ చిన్నమ్మకు, పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. నువ్వు నన్ను దీవిస్తావో తిడతావో, ఏదైనా నీ చేతుల మీదుగానే కావాలి.

మరిచిపోయాను, ఇది తప్పకుండా చిన్నమ్మకు చెప్పాలి. కాక అప్పుడప్పుడూ ఎడమచెయ్యెత్తి రెండు వేళ్ళు చూపిస్తాడు. ఆసుపత్రిలో నర్సులు బాత్రూముకేమో అనుకునేవాళ్ళు. కాదు. అది చాయ్. రెండు తేవాలి. ఒకటే తెస్తే నోరు తెరవడు. రెండోది పక్కన కూర్చుని ఎవరో ఒకరు తాగాలి. నేను వచ్చేదాకా నువ్వు తాగక్కా.

దక్షిణం వాకిలి మెట్టు మీద కూర్చుని రాసినవాడు,
నీ తమ్ముడు
గంగారాం