గేటు దగ్గర దిగాను

మంగళవారం, రాత్రి

కందిపప్పు తెద్దామని పొద్దున జుగ్సలాయి బజారుకెళ్లే మినీబస్సు ఎక్కాను. ఫ్యాక్టరీ గేటు రాగానే, నేను అడక్కుండానే కండక్టరు రేకు మీద చరిచి బస్సు ఆపించాడు.

“చాచా, గేట్ ఆ గయా!”

పదేళ్లుగా నన్ను అక్కడే దింపుతున్నాడు. నేను రిటైరై రెండు నెలలైందని వాడికి తెలియదు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పకుండా దిగిపోయాను. వాడు చూస్తున్నాడని, బస్సు మలుపు తిరిగేదాకా గేటు వైపే నడిచాను. తర్వాత వెనక్కి తిరిగి జుగ్సలాయి దాకా నడకే.

ఇంటికొచ్చాక మా ఆవిడ, “ఇంతసేపూ ఏటి సేత్తన్నారు?” అంది. బస్సు దొరకలేదన్నాను.

శుక్రవారం మళ్లీ అటు వెళ్లాలి. కండక్టరుకు చెప్పేయాలి. చెబితే ఇక నా కోసం అక్కడ బస్సు ఆగదు.